మనిషికొక ల్యాప్‌టాప్

మా బావ అన్సెల్మోకి కంప్యూటర్ల గురించి తెలియనిది లేదు, ఆ తెలిసినదానివల్ల ఒక్కరికీ మేలు జరిగిందీ లేదు. అర్జెంటీనాలో, మా మెండోసాలో మా చుట్టాలెవరైనా ల్యాప్‌టాప్ కొనాలనుకుంటే ముందు ఆయన్నే అడగాలి. ఆయన మాంసం కాలుస్తూ, పటకారు ఊపుతూ తీర్పు చెబుతాడు. ఏడాదిన్నరగా నాకు చెబుతున్న తీర్పు ఒకటే: ఆగు.

"ఇప్పుడు కొన్నవాడు వెర్రివాడు మరదలా! సెప్టెంబరులో కొత్త ప్రాసెసర్ వస్తోంది. ఇప్పటిది దాని ముందు దిగదుడుపే."

ఆ సెప్టెంబరు వచ్చింది, పోయింది. అప్పుడు మార్చి అన్నాడు. మార్చి వచ్చాక మళ్ళీ సెప్టెంబరు అన్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

నేను పదిహేనేళ్ళ ఆడపిల్లల పుట్టినరోజు వేడుకలకి వీడియోలు తీస్తాను. నా పాత ల్యాప్‌టాప్ పావుగంట వీడియో తయారు చెయ్యడానికి రెండు రోజులు తీసుకుని, సగంలో ఆరిపోతుంది. వేడుకలు జరిగే హాలు దోన్యా ఎర్మినియాది, నాకు పనులన్నీ ఆవిడే ఇప్పిస్తుంది. ఆవిడ ఈస్టర్ సెలవులకి ముందు నన్ను పిలిచి మొహం మీదే చెప్పింది: "గ్రిసెల్డా, సెలవులయ్యాక వచ్చే శనివారానికి వీడియో చేతికి రాకపోతే హాలు పని ఇంకొకరికి ఇచ్చేస్తాను. తల్లులు నన్ను తిడుతున్నారమ్మా."

సరిగ్గా అప్పుడే మా బావకి నా మీద ప్రేమ పుట్టుకొచ్చింది. "సెలవులకి చిలీ వెళ్తున్నాం, సముద్రం చూద్దువుగాని రా. పెట్రోలు ఖర్చు నాది" అన్నాడు. అక్క నిల్డా నా వైపు చూడకుండా బట్టలు మడతపెడుతోంది. నేను దాచుకున్న డాలర్లు లోపలి జేబులో కుట్టుకుని బయల్దేరాను. కొండలు దాటి చిలీలో అయితే ల్యాప్‌టాప్‌లు మా ఊళ్ళోకంటే చాలా చవక, ఈసారి కొనేద్దామనే నా ఆలోచన.

చిలీలో సముద్రం ఒడ్డున ఉన్న వీన్యా పట్నంలో ఒక కొట్టు అద్దం ముందు నిలబడి, బూడిదరంగుది ఒకటి వేలు పెట్టి చూపించాను.

బావ నవ్వాడు. "దీన్నా? దీంట్లో ఉన్నది పోయినేటి చిప్పు! డబ్బు సముద్రంలో పారేసుకున్నా ఇంతకంటే నయం."

"శనివారానికి నాకు పని ఉంది బావా."

"ఏడాదిన్నర ఆగినదానివి, ఆరు నెలలు ఆగలేవా? నీకేం తెలుసే! నువ్వూ, అక్కా ఒడ్డుకి వెళ్ళి ఎంపనాదాలు తినండి."

వెళ్ళాను. నా బుద్ధిని చెప్పుతో కొట్టాలి. అంత తిట్టుకుంటూ కూడా వెళ్ళాను, ఎందుకంటే కొన్న తర్వాత ఏదైనా తేడా వస్తే ఇంటిల్లిపాదీ నన్నే ఆడిపోసుకుంటారని భయం.

తిరుగు ప్రయాణంలో సరిహద్దులో, ఓర్కోనెస్ కస్టమ్స్ దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి. నాలుగు గంటలు కూర్చున్నాం. మాతే ఆకుల కషాయం తాగి తాగి నోరు చేదెక్కింది. మా వంతు దగ్గర పడగానే బావ వెనక్కి తిరిగి నా ఒళ్ళో ఒక పాత సంచీ పెట్టాడు.

"ఇది నీదని చెప్పు. మనిషికొక ల్యాప్‌టాప్‌కి సుంకం లేదు. నాదొకటి, అక్క పేరు మీదొకటి, నీ పేరు మీదొకటి. ఆఫీసులో ఇద్దరు అడిగారులే. నువ్వెలాగూ కొనలేదుగా!"

జిప్పు తీశాను. బూడిదరంగుది. అదే. కొత్తదని తెలియకుండా అట్టపెట్టెలు వీన్యాలోనే పారేశాడట. ఒళ్ళంతా భగ్గుమంది. సముద్రం చూపించడానికి కాదు నన్ను తీసుకొచ్చింది, నా వంతు వాడుకోవడానికి! అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆవిడకి ముందే తెలుసు.

కస్టమ్స్ మనిషి కారు దగ్గరికి వచ్చాడు. "ఇదెవరిది?"

"మా మరదలిదండీ" అన్నాడు బావ తేనె పూసిన గొంతుతో.

"అవునండీ, నాదే" అన్నాను. "వీడియోలు చేసుకుంటాను. డబ్బు పెట్టి కొనుక్కున్నాను. నా పేరు మీద సరిగ్గా రాయండి, తర్వాత గొడవ రాకూడదు."

తెర మీది పల్చటి కాగితం పర్రున లాగేశాను. మూత మీద అంటించిన కొట్టువాళ్ళ ధర చీటీ కూడా గోటితో గీకి పీకేశాను. ఆయన యంత్రం అడుగున ఉన్న నంబరు చూసి నా పేరు పక్కన రాసుకున్నాడు. బావ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. నోరు తెరిస్తే మూడూ పోతాయి.

గేటు దాటి కొంత దూరం వెళ్ళాక చెయ్యి వెనక్కి చాపాడు. "నాటకం బాగానే ఆడావు. ఇటివ్వు."

నేను లోపలి జేబు కుట్లు తెంపి, ఆ ధర చీటీలో ఉన్నదానికి సరిపడా డాలర్లు ఆయన పక్క సీటులో ఉన్న అక్క ఒళ్ళో పెట్టాను. "ఇది నాది. కాగితం మీద నా పేరుంది."

"దొంగముండా! సముద్రం చూపించినందుకా ఇది? ఆఫీసులో వాడికి మాటిచ్చాను!"

"నాకూ ఏడాదిన్నర మాటలే ఇచ్చావు. నమ్మించి గొంతు కోశావు కదయ్యా!"

"సెప్టెంబరులో కొత్త చిప్పు వచ్చినప్పుడు ఏడుస్తావే!"

"అప్పుడు ఏడుస్తాలే. ముందు ఈ శనివారం గడవనీ."

ఆయన స్టీరింగ్ మీద గుద్దాడు. అక్కని చూసి, "మీ చెల్లెలికి చెప్పు. ఛార్జర్లు మూడూ నా సంచిలోనే ఉన్నాయి. ఛార్జరు లేకుండా ఏం చేసుకుంటుందో చూస్తాను" అన్నాడు.

అక్క ఆ డబ్బు మడతపెట్టి డాష్‌బోర్డు మీద ఉంచింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన మాటకి ఆవిడ ఎదురు చెప్పగా నేను వినలేదు.

"ఛార్జరు దానికిచ్చెయ్ అన్సెల్మో" అంది. "లేకపోతే నా పేరు మీద రాసింది కూడా నాదే."

బావ కారు రోడ్డు పక్కకి తీసి ఆపి, ఛార్జరు కోసం తన సంచి జిప్పు తీశాడు.