వంకర దవడ చేప

ఆదివారం ఉదయం ఏడు గంటలకు, హొసకోటె దగ్గర, డబ్బు కట్టి గాలాలు వేసుకునే వెంకటగిరియప్ప చేపల కుంటలో సుధీర్ గాలానికి ఒక చేప పడింది. కుంటలో వెంకటగిరియప్ప వదిలినవి బొచ్చె, రాగండి మాత్రమే. ఇది ఆ రెండూ కాదు. మూడడుగులుంది. నోరు మొసలి నోరులా ఉంది. పై దవడ ఎడమకు వంగింది.

"ఏమప్పా, మొసలిని కూడా సాకుతుండావా?" అన్నాడు పక్కన గాలం వేసిన ఆంజనేయులు.

వెంకటగిరియప్ప నవ్వలేదు. "గంగడే. పగపట్టి వేసిపోయినాడు."

గంగన్న ఆ కుంట కాపలాదారు. వేసిన చేపపిల్లలు తగ్గిపోయాయని, వాటిని దొంగతనంగా అమ్ముకున్నాడని, దసరాకు ముందు వెంకటగిరియప్ప అతన్ని ఇదే గట్టు మీద, ఇదే మనుషుల ముందు మెడపట్టి గెంటాడు. గంగన్న భార్య చెన్నమ్మ గేటు బయట టీ బండి పెట్టుకుంది. మాట విని లోపలికి వచ్చింది.

"దొంగ అంటివి. ఇప్పుడు పగ అంటావా? నీ నోటికి హద్దుండాదా?"

"నువ్వు బయటికి పో."

"పోను."

కుందలహళ్ళిలో ఉద్యోగం చేసే సుధీర్ ఇంట్లో చేపల తొట్లు ఉన్నాయి. చేపను తిప్పి చూశాడు. "ఇది అలిగేటర్ గార్ అనే ఫారిన్ చేప. పిల్లగా ఉన్నప్పుడు అక్వేరియం షాపుల్లో అమ్ముతారు సార్. తొట్టి చిన్నదైతే అద్దానికి కొట్టుకుని దవడ ఇట్లా వంగుతుంది. ఎవరో ఇంట్లో పెంచి వదిలేశారు."

కత్తితో కడుపు చీల్చాడు. లోపల నాలుగు రాగండి పిల్లలు ఉన్నాయి.

వెంకటగిరియప్ప కొడుకు నవీన్ ఫోను చూస్తున్నాడు. కోడలు శిరీష అతని చేతిలోంచి ఫోను లాక్కుంది.

"చెప్పు మీ నాయనకి. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా." అతను ఫోను కోసం చెయ్యి చాచాడు. "మామా, ఇది టౌన్లో మా ఇంటి హాల్లో ఉండిన చేపే. ఇంటి దిష్టి అంతా ఇదే తీసుకునింది, చంపకూడదని ఉగాదప్పుడు కారులో తెచ్చి ఈడ వదిలినాడు. గంగన్నని గెంటినప్పుడు కూడా పక్కనే నిలబడుకోని ఉండాడు."

"ఒక్క చేపే కదా అనుకున్నా," అన్నాడు నవీన్.

"మా ఆయన కూడా ఒక్క మనిషే," అంది చెన్నమ్మ.

వెంకటగిరియప్ప గొంతు తగ్గించాడు. "సరేలేమ్మా. రేపు పనికి రమ్మను."

"పని ఎవరడిగినారు? దొంగ అన్న మాట తీసెయ్. ఈడనే, వీళ్ళ ముందరే."

"నా కొడుకుని నలుగుర్లో పలచన చెయ్యమంటావా?"

"నా మొగుణ్ణి చేసినప్పుడు ఎంతమంది ఉండారో నీకు తెల్దా?"

ఆమె గంగన్నకు ఫోను చేసి స్పీకరు పెట్టింది. అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇప్పుడతని డ్యూటీ. జరిగింది చెప్పి, ఫోను వెంకటగిరియప్ప ముందు పెట్టింది. ఆయన దాని మీదికి వంగాడు.

"గంగన్నా, చేపలు నువ్వు తియ్యలేదప్పా."

"గట్టిగా చెప్పు సామీ. ఆ పొద్దు గట్టిగానే అరిస్తివి కదా."

"నువ్వు దొంగవి కాదు. తప్పు నా కొడుకుది. నాది." గట్టు మీద గాలాలవాళ్ళు లేచి నిలబడ్డారు. "పనికి రా."

"రాను," అన్నాడు గంగన్న. ఫోను పెట్టేశాడు.

చెన్నమ్మ గేటు దాటి బండి దగ్గరికి వెళ్ళింది. ఇంకేమైనా ఉన్నాయేమోనని తొమ్మిదింటికి కుంట నీళ్ళు తోడడానికి మోటారు వేశారు. సాయంత్రానికి అడుగున ఇంకో గార్ దొరికింది. దాని దవడ కూడా వంగి ఉంది. నవీన్ వదిలింది ఒక్క చేప కాదు.