పల్చటి పూత

పద్నాలుగో మైనం దిమ్మెను మంచుపలక మీంచి తీసి మెషీనుకి బిగించి, ముందుకి వంగి, దాని మీద నోటితో వెచ్చగా ఊదింది ఆమె. చలికి బిగుసుకుపోయిన మైనాన్ని అలా కాస్త ఊదకపోతే కత్తి కింద పొడిపొడిగా రాలిపోతుంది. ల్యాబులో అందరూ ఊదుతారు. ఆమె మాత్రం ఊదుతూ లోలోపల "ప్రభువా, దయ" అనుకుంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా దిమ్మెకోసారి అనుకుంటూనే ఉంది. ప్రతి దిమ్మెలోనూ ఎవరి ఒంట్లోంచో తీసిన చిన్న ముక్క ఉంటుంది. ఆ మనిషి తన ముక్క ఏం చెప్పబోతోందో తెలియక ఈ పాటికి ఎక్కడో టీ తాగుతూ ఉంటాడు.

కుడిచేత్తో చక్రం తిప్పింది. వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన పొర వెనక పొర, ఒకదానికొకటి అతుక్కుంటూ, కత్తి మీంచి రిబ్బనులా దిగింది. దాన్ని బ్రష్షు మొనతో ఎత్తి గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పరిచి, గాజుపలక మీదకి పట్టింది. ముడత లేదు, చిరుగు లేదు. పక్క బల్ల దగ్గర స్లైడ్లకి రంగు పట్టించే అతను ఆమెకి పల్చనక్క అని పేరు పెట్టి చాలా ఏళ్లయింది. మనిషి భారీగా ఉంటుంది కాబట్టి కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. "నవ్వండర్రా, నవ్వితే నా సొమ్మేం పోయింది" అంటుంది ఆమె.

ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. సాయంత్రం ఐదింటికి చర్చిలో కమిటీ కూర్చుంటోందని, ఆమె వేసిన కిటికీ ఉంటుందో పోతుందో అక్కడ తేలిపోతుందని ల్యాబులో అందరికీ తెలుసు.

ఆ కిటికీ ప్రసంగవేదిక వెనక, తూర్పు గోడకి ఉంది. పన్నెండు అద్దాలు. ఎనిమిదేళ్ల కిందట చర్చి కొత్తగా కట్టినప్పుడు, "రంగుల మధ్య బతుకుతారు కదా అక్కయ్యా, మీరే ఏదైనా వేయండి" అన్నారు పాస్టరు అయ్యగారు. ఐదు నెలల పాటు ప్రతి శనివారం స్టూలెక్కి వేసింది. ఎడమవైపు ఆరు అద్దాల్లో ఊదా అంచుల గులాబీ రంగు పూలు, గుండ్రంగా, వరుసలు తప్పకుండా. కుడివైపు ఆరింటిలో ఆ వరుసలు చెదిరిపోతాయి. ఊదా రంగు చిక్కబడుతుంది. పూలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కి, కిందికి వేళ్లు దించుతాయి. ఏదెను తోట, పాపానికి ముందూ పాపానికి తర్వాతా అని జనం వాళ్లంతట వాళ్లే అర్థం చెప్పుకున్నారు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. ప్రసంగం సాగితే పిల్లలు ఆ పూలు లెక్కపెట్టుకునేవాళ్లు. ఆ డిజైనులో దుప్పటి దొరికితే బాగుండునని ఒకావిడ దుకాణాలన్నీ తిరిగింది.

మూడు ఆదివారాల కిందట ల్యాబులోని చిన్న డాక్టరమ్మ, తోటి ఉద్యోగి బిడ్డకి ప్రార్థన చేయిస్తుంటే చర్చికి వచ్చింది. ప్రార్థన అయ్యి అందరూ నిశ్శబ్దంగా ఉన్న క్షణంలో కిటికీ వైపు చూసి నోరు తెరిచింది.

"ఆంటీ! ఇది కడుపు లోపలి పొర కదా! ఎడమవైపు మంచిది, కుడివైపు క్యాన్సరు. అబ్బ, ఎంత కరెక్టుగా వేశారు!"

అంతకన్నా నిజమైన మెప్పు జీవితంలో ఆమెకి దొరకలేదు. ఒక్క క్షణం సంతోషంతో ఒళ్లు తేలికైపోయింది. తర్వాత తల తిప్పి చూస్తే సంఘపెద్ద ముఖం కనిపించింది. సంఘపెద్ద అంటే ఎవరో కాదు, ఆమె భర్తకి సొంత అన్న.

పదకొండేళ్ల కిందట భర్తకి తిన్నది ఇమడకుండా పోయినప్పుడు, "ప్రార్థన చాలు, ఈ పరీక్షలూ కోతలూ అపనమ్మకం" అని పట్టుబట్టింది ఆయనే. చెడ్డవాడు కాదు. తమ్ముడి కోసం నలభై రోజులు ఉపవాసం ఉండి సగమైపోయాడు. ఆమె పగలల్లా ఎవరెవరి కడుపు ముక్కల్నో కోసి పరీక్షకి పంపుతూ, ఇంటికొచ్చి నోరెత్తలేకపోయింది. బావగారి మాటకి ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి భర్త కడుపులోంచి తీసిన ముక్క మైనంలో కూర్చుని ఆమె బల్ల మీదకే వచ్చింది. ఫారం నింపింది ఆమే కాబట్టి నంబరు చూడగానే తెలిసిపోయింది. మేం కోస్తాం, నువ్వు లే అక్కా అన్నారు తోటివాళ్లు.

"ఎవరో ఎందుకు, నేనే చేస్తాను" అంది. ఊదింది, కోసింది. ఆ స్లైడు ఒక్కసారే చూసింది. ఒక్కసారి చాలింది. రెండు నెలలకి భర్త పోయాడు.

మధ్యాహ్నం అయ్యగారు ఫోన్ చేశారు. "అక్కయ్యా, అవి పూలేనని ఒక్క మాట అనండి చాలు. కిటికీని నేను కాపాడతాను."

ఆమె సరేననలేదు. ఫోన్ పెట్టేసి స్లైడ్ల ట్రే పట్టుకుని పై అంతస్తుకి వెళ్తూ మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగింది. పైన చిన్న డాక్టరమ్మ ట్రే అందుకుని ఆమె ముఖంలోకి చూసింది.

"పెదాలు నల్లబడ్డాయి ఆంటీ. ఇప్పుడే కిందికెళ్లి ఈసీజీ తీయించుకోండి."

"రేపు తీయించుకుంటాలే."

"అంతా నా వల్లే. ఆ రోజు నా నోరు పడిపోయినా బాగుండేది."

"చూసింది చెప్పావు. మన పనే అది కదమ్మా."

ఆలస్యం ఏం చేస్తుందో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్లు ఆ భవనంలో లేరు. అయినా రేపు అంది. మనుషులం, మన దాకా వస్తే ఇంతే.

ఐదింటికి కమిటీ కూర్చుంది. అయ్యగారు బల్ల మీది గీతలు చూస్తున్నారు. సంఘపెద్ద కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఆమెని అడిగాడు.

"అవి పూలేనా అమ్మా?"

గొంతులో కోపం ఉంటుందనుకుంది. లేదు. బతిమాలుతున్నట్టుంది. పూలే అంటే కిటికీ బతుకుతుంది. బావగారికీ ఇవాళ నిద్ర పడుతుంది. ఆయన మీద ఆమెకి జాలి వేసింది. అదే గొంతుతో ఎనిమిది నెలలు తన నోరు కట్టేసినందుకు మంట కూడా లేచింది.

"కాదు బావగారూ. మీ తమ్ముడి కడుపు."

అయ్యగారు బల్ల మీంచి తలెత్తారు.

"దేవుడి ఇంట్లో రోగం బొమ్మ పెడతావా?" అన్నాడాయన.

"దేవుడు చూడనిదా అది? మనమే చూడలేదు. మీరు చూడొద్దన్నారు, నేను ఊరుకున్నాను. నా తప్పు కూడా అందులోనే వేశాను."

ఆయన మళ్లీ కళ్లజోడు తీసి, "తెల్లరంగు వేయించేద్దాం" అన్నాడు. కాదనే ధైర్యం ఎవరూ చేయలేదు. అయ్యగారు కూడా చేయలేదు. రేపు మనిషిని పిలుద్దామన్నారు.

"ఎవరో ఎందుకు, నేనే వేస్తాను" అని ఆమె లేచింది.

స్టోర్ గదిలో గోడలకి తెచ్చిన తెల్లరంగు డబ్బా ఒకటి ముట్టుకోకుండా ఉంది. స్టూలెక్కి, ఒక్కో అద్దం మీదా నోటితో ఊది, ల్యాబు కోటు చేతితో దుమ్ము తుడిచి, ఆపైన బ్రష్షు ఆనించింది. పన్నెండు సార్లు ఊదింది. కుడివైపుకి వచ్చేసరికి ప్రతి అద్దానికీ మధ్య కిందికి దిగి కూర్చోవలసి వచ్చింది. పని అయ్యేటప్పటికి బయట వెలుతురు పోయింది. ట్యూబులైటు కింద కిటికీ గోడలో గోడలా తెల్లగా ఉంది.

సంఘపెద్ద గుమ్మంలోంచి చూశాడు. "అయిందా అమ్మా?"

"అయింది బావగారూ. కాసేపు కూర్చుని వెళ్తాను."

ఆయన "తలుపు దగ్గరగా వేసి వెళ్లు" అని వెళ్లిపోయాడు.

పొద్దున ఊడవడానికి వచ్చిన మనిషి ఆమెని మొదటి బెంచీలో చూసింది. ప్రార్థన చేసుకుంటోందేమోనని వెనక వరుసల నుంచి మెల్లగా ఊడ్చుకుంటూ వచ్చింది. దగ్గరికొచ్చాక చీపురు కింద పడేసి పరుగెత్తింది. చిన్న డాక్టరమ్మ వచ్చి, అవసరం లేకపోయినా ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు నాడి చూసింది.

సంఘపెద్ద వచ్చేసరికి ఎండ తూర్పు గోడని తాకింది. తెల్లటి పూతలోంచి ముందు గులాబీ రంగు తేలింది, తర్వాత ఊదా. ఎడమవైపు వరుసలు ఒక్కటీ తప్పకుండా కనిపించాయి. కుడివైపు అవన్నీ చెదిరి, ఒకదాని మీద ఒకటి పడి, వేళ్లు కిందికి దించాయి. వెలుతురు బెంచీ మీంచి నేలకి దిగి ఆయన చెప్పుల దాకా వచ్చింది. కావాలని అంత పల్చగా వేసిందో, ఆ చేతికి మందంగా వేయడమే రాదో, ఇప్పుడు అడిగేందుకు మనిషి లేదు. ఆయన కదలకుండా నిలబడి తమ్ముడి కడుపుని మొదటిసారి చూశాడు. ఏడ్చాడు. అయ్యగారు దగ్గరికొచ్చి, రెండో పూత వేయించమంటారా అని అడిగితే వద్దని తల ఊపాడు.

రంగు డబ్బా బెంచీ కింద ఉంది. పన్నెండు అద్దాలకి అది మొత్తం అయిపోవలసింది. సంఘపెద్ద వంగి తీయబోతే బరువుగా, దాదాపు నిండుగానే ఉంది. మూత గట్టిగా నొక్కి, దాని మీద కడిగి ఆరబెట్టిన బ్రష్షు, కుచ్చు అంతా ఒకే వైపుకి దువ్వి ఉంది.