ఒంటిగంట తూటా

మార్తకు ఆ వారమంతా అన్నం సయించలేదు. పొద్దున వికారాబాదులో రైలెక్కింది మొదలు తాండూరులో దిగేదాకా ఒకటే ప్రార్థన, ఇవాళైనా గట్టెక్కించు ప్రభువా అని. ఏమిటయ్యా అంత కష్టమంటే, చెబితే నవ్వుతారు. ఒక డబ్బాలో ఉన్నది ఇంకో డబ్బాలోకి ఎక్కాలి, అంతే!

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. రెండేళ్ల కిందట అక్కడి సిమెంటు కంపెనీవాళ్లు గొప్పగా కంప్యూటరు తెప్పించి, కొబ్బరికాయ కొట్టి, మార్తను దాని ముందు కూర్చోబెట్టారు. సున్నపురాయి గనిలో పనిచేసేవాళ్ల హాజరంతా ఆమే ఎక్కించింది. "అంతా మిషన్ల భద్రంగ ఉంది సార్" అని కూడా ఆమే చెప్పింది. ఆ మాట నమ్మి మేనేజరు హాజరు పుస్తకాలన్నీ తూకానికి వేసేశాడు. ఇప్పుడేమో కంప్యూటరులోని హార్డ్ డిస్కు కీచుకీచుమంటోంది. అది చచ్చేలోగా అందులోదంతా కొత్త డిస్కులోకి నకలు తియ్యాలి. సోమవారం లేబర్ ఆఫీసరు వస్తున్నాడు. ఏడాదిలో రెండువందల నలభై రోజుల హాజరు చూపిస్తే కూలీలకు పర్మనెంటు, లేకపోతే లేదు.

ఆ నకలే నడుమన ఆగిపోతోంది. పొద్దున మిషన్‌తో ఆఫీసు పనులుంటాయి గనక రోజూ పన్నెండింటికి మొదలుపెట్టేది. ముందు ఆఫీసర్లు, తర్వాత గుమాస్తాలు, మేస్త్రీలు, అందరికంటే ఆఖర్న కూలీలు. ఏ పుస్తకమైనా ఆ వరసే కదా మన దగ్గర! కూలీల దగ్గరికి రాగానే, ఎంత నకలైందో చూపే తెర మీది అంకె కదలడం మానేసేది. మంగళవారం అదే తంతు, బుధవారం అదే, గురువారమూ అదే. మర్నాడు మళ్లీ ఆఫీసర్లనుంచి మొదలు.

కంపెనీ ఎలక్ట్రీషియను ఉస్మాన్ ఈ మిషన్ గురించి హైదరాబాదులో పదిరోజులు నేర్చుకొచ్చాడు. ఆయన తీగలు మార్చాడు, దుమ్ము ఊదాడు, స్టెబిలైజరు కూడా కొత్తది పెట్టాడు.

"జర ఓపిక పట్టు మార్తమ్మా, పరేషాన్ గాకు," అంటూనే తను నాలుగింతలు పరేషానయ్యాడు.

శుక్రవారం నకలు నడుస్తుండగా కిటికీ దగ్గరికి బీరమ్మ వచ్చింది. గనిలో రాళ్లెత్తే కూలీ, కొడంగల్ దిక్కు మనిషి, యాభై దాటాయి. పర్మనెంటయితే తన దగ్గుకు కంపెనీ దవాఖానలో మందిస్తారని ఆమె ఆశ.

"నా దినాలు నిండినయా బిడ్డా?" రోజూ వచ్చి ఇదే అడిగేది.

"పని ఇడిసిపెట్టి రోజు గిట్ల వస్తే మేస్త్రి ఏమనడా పెద్దమ్మా?"

"ఏమంటడు? రాళ్లకు తూటాలు పేల్చే యాళ్లకు మమ్మల్ని అందర్ని దూరం తోల్తరు. గీ ఒంటిగంటకే గద నాకు జర తీరిక."

మాట పూర్తికాకముందే గని వైపు దభీమంది. కిటికీ అద్దం గలగలలాడింది. తెర మీద అంకె ఆగిపోయింది.

పక్కనే ఉన్న ఉస్మాన్ చేతి గడియారం చూసుకుని "యా అల్లా!" అని తల పట్టుకున్నాడు. ఏళ్ల తరబడి వింటున్న చప్పుడు, ఇక చెవికెక్కడం ఎప్పుడో మానేసింది. రెండేళ్లకే మార్త కూడా అట్లాగే తయారైంది.

"లోపల పళ్లెం తిరుగుతది మార్తమ్మా. దాని మీద చదివే సూది ఉంటది, తగలకుంట తేల్తది. ఇప్పుడు మిషన్ ముసలిదైంది గద, నేల అదిరితే పోయి దాని మీద పడ్తది, గీకుతది."

"ఎక్కడ పడ్తది?"

"ఆ టైముకు ఏది చదువుతుంటే ఆడ."

మార్త ఆగిపోయిన అంకె వైపు చూసింది. రోజూ అదే వేళ, అదే వరస. నాలుగు రోజులూ ఆ సూది కూలీల హాజరు మీదే పడింది. మొండికేసింది మిషన్ కాదు, తను. మొదటిరోజే కూలీలనుంచి మొదలుపెట్టి ఉంటే ఒంటిగంటకు ముందే వాళ్లు అవతలికి చేరేవాళ్లు కదా అని తనను తనే తిట్టుకుంది.

శనివారం మేనేజరును బతిమాలి, పొద్దున ఎనిమిదింటికే మొదలుపెట్టింది. నకలు ఎక్కడా ఆగలేదు. ఆఫీసర్లు అందరూ వచ్చారు. గుమాస్తాలు, మేస్త్రీలు వచ్చారు. కూలీల్లో మూడోవంతు మందికి పేరుంది, పక్కన రోజులు లేవు. చదవలేకపోయిన చోటల్లా మిషన్ ఖాళీ వదిలేసింది. బీరమ్మ పేరు పక్కనా ఖాళీయే.

ఒంటిగంటకు బీరమ్మ రానే వచ్చింది. అబద్ధం చెప్పి పంపేద్దామా అనుకుంది మార్త. మనసొప్పక బయటికి వెళ్లి ఎదురుగా నిలబడింది.

"పెద్దమ్మా, నీ దినాలు పోయినయ్. నా చేతుల్లనే పోయినయ్."

"ఎట్ల పోతయ్ బిడ్డా? నేను చేసిన గద?"

బీరమ్మ వేళ్లు మడుస్తూ లెక్క మొదలుపెట్టింది.

"మా ఇంటాయన సచ్చినప్పుడు మూడు దినాలు రాలే. జరమొచ్చి రెండు దినాలు. అయితారాలు ఎట్లా సుట్టీయే. గవి దప్ప ఎన్నడన్న రాకుంటినా? రాసుకో."

మేనేజరు గానీ లేబర్ ఆఫీసరు గానీ ఈ లెక్క ఒప్పుకోరని మార్తకు తెలుసు. అయినా కాగితం తెచ్చి రాసింది. రాస్తుంటే కళ్లు మసకలయ్యాయి.

"గింతేనా? పర్మనెంటు అయితదా మరి?" అంది బీరమ్మ.

"తెల్వదు పెద్దమ్మా."

ఇంకా ఏదో అడగబోయింది బీరమ్మ. ఇంతలో పనిలోకి రమ్మని గనిలో మేస్త్రి ఈల వేశాడు. కొంగు నడుముకు చుట్టుకుని, దగ్గుకుంటూనే పరుగందుకుంది. ఆలస్యమైతే ఈ పూట హాజరు వెయ్యరట.