అడిగింది నన్ను

"కాయల మీద పడనీబాకమ్మే, కాయల మీద పడనీబాక!" అని మా అత్త అరిచింది. పడకూడనిది నా రక్తం. ఊరగాయకు మామిడికాయలు కోస్తున్నాను. టెంక గట్టిపడిన కాయను కత్తిపీట మీద పెట్టి బలంగా నొక్కేసరికి అది జారి, నా ఎడమ అరచెయ్యి కత్తి మీదికి పోయింది. అత్త ముందు కాయల గంప పక్కకు లాగి, ఆ తర్వాత నా చేతికి తువ్వాలు చుట్టింది. చెడ్డ మనిషేం కాదు, మా ఇంట్లో వరస అలా ఉంటుంది. మా ఆయన హరినాథ్‌ది మామిడికాయల వ్యాపారం. సీజనంతా మద్రాసులో కోయంబేడు మార్కెట్టు దగ్గరే గది తీసుకుని ఉంటాడు, ఎప్పుడైనా చంద్రగిరిలో మా ఇంటికి వచ్చిపోతాడు. అక్కడి మండీల వాళ్ళకు, లారీ ఆఫీసు వాళ్ళకు ఏటా మా ఇంటి నుంచి జాడీల కొద్దీ ఊరగాయ వెళ్ళాలి. హరినాథ్ ఇంటి ఊరగాయ అంటే అక్కడ మహా పేరట. కోసేదీ తుడిచేదీ కలిపేదీ నేను. వేళ్ళు మండేదీ నాకే.

తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. కానీ వెంటనే బయల్దేరలేకపోయాం. నేను చీర మార్చుకోవాలి. ఇది మా అత్త జ్ఞానాంబ పెట్టిన కట్టుబాటు. ప్రాణం మీదికి వచ్చినా సరే, ఆసుపత్రికి పోయే ఆడది పెట్టెలోని మంచి చీర కట్టుకోవాలి, తాళి బయటికి వేసుకోవాలి, పూలు పెట్టుకోవాలి. "ఆడ మనిషిని సూడరు, చీరని సూస్తారు. ఏ ఇంటి ఆడదో తెలియాల" అంటుంది. కాన్పు నొప్పులు పడుతున్నప్పుడు కూడా నన్ను కూర్చోబెట్టి జడ వేసిన మహాతల్లి. తువ్వాల్లోంచి రక్తం కారుతుంటే, ఆవిడ నా కుచ్చెళ్ళు సర్దింది. ముందు రోజే మద్రాసు నుంచి వచ్చిన మా ఆయన బయట ఆటో పక్కన నిలబడి సెల్ ఫోన్లో ఎవరితోనో లోడు సంగతి మాట్లాడుతున్నాడు.

క్యాజువాలిటీలో డాక్టరు కుట్లు వేసి, కట్టు కట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నర్సు వచ్చింది. నిస్సీ అని ఆ అమ్మాయి పేరు. ముందు నా పక్క మంచం మీదున్న ముసలామెను పలకరించింది. ఆమె తాయమ్మట, కూలికి పోయి గట్టు మీంచి పడిందట. "అవ్వా, రక్తంలో హెచ్‌ఐవీ ఉండాదేమో సూసే పరీక్ష ఒకటుంది. ఈడికొచ్చే వాళ్ళనందర్నీ అడుగుతా ఉండాము. నీకిష్టమైతేనే. వద్దన్నా వైద్యం ఆగదు" అని మెల్లగా చెప్పింది. తాయమ్మ బోసినోటితో నవ్వింది. "మా ఇంటాయన పోయి శానా కాలమాయె. నాకెవురంటిస్తారు తల్లీ? చక్కెర ఉండాదేమో సూడు, సాలు" అంది. నర్సు కూడా నవ్వి, నా వైపు తిరిగి అదే మాట అడిగింది.

అత్త మొహం మాడిపోయింది. తాయమ్మను అడిగినప్పుడు ఆవిడ వినలేదా అంటే, విన్నది. కూలామెను అడిగితే ఆవిడకు తప్పుగా తోచలేదు. మమ్మల్ని అడగడం తప్పు. "ఏం సూసి అడిగినావు మా కోడల్ని? మేము ఎట్టాంటోళ్ళమనుకున్నావు?" అని నర్సు మీద లేచింది. ఆ వెంటనే నా తల తడిమి, "పూలు యాడ పారేసుకోనొచ్చినావు?" అని నన్ను కసిరింది. పూలు రాలిపోవడం వల్లే ఆ అమ్మాయి నన్ను అనుమానించిందని ఆవిడ నమ్మకం. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది.

"ఆ టెస్టులేం అక్కర్లేదు. కట్టు కట్టేసినారు గదా, పోతాము" అన్నాడు హరినాథ్.

"సార్, నేను అక్కనడిగినాను" అంది నిస్సీ.

"ఆమెకేం తెలుసు? నన్నడుగు."

"మీకూ చేస్తాం సార్. జతకి వచ్చినోళ్ళు కూడా చేయించుకోవచ్చు."

"నాకా?" అన్నాడు ఆయన. మండీలో అంతమంది మధ్య కేకలేసి బేరమాడే మనిషి, పెదవి తడుపుకుని గోడ వైపు చూశాడు.

అప్పుడు నాకు ఆ మాత్రలు గుర్తొచ్చాయి. కిందటేడు సీజను మధ్యలో ఆయన ఉన్నట్టుండి ఇంటికి వచ్చాడు. వేడి చేసిందన్నాడు. ఒంటేలుకు పోతే మంటన్నాడు. మద్రాసు డాక్టరు దగ్గర సూదులు వేయించుకున్నాడట. అత్త మజ్జిగా సబ్జా గింజలూ ఇచ్చింది. ఆయన జేబులోంచి మాత్రలు తీసి నాకూ ఇచ్చాడు. "నువ్వు కూడా మింగు, మంచిది" అన్నాడు. మింగాను. ఆయనకు వేడి చేస్తే నేనెందుకు మందు మింగాలని అడగలేదు. నోటిదాకా వచ్చింది, అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది, ఆ జవాబుతో అదే ఇంట్లో బతకాలి. అసలు నా ఒంటి సంగతి ఎప్పుడూ నాతో తేలిందే లేదు. నెల తప్పినప్పుడు డాక్టరమ్మ నన్నడిగితే ఆయన తేదీ చెప్పాడు. చిన్నది పుట్టాక పిల్లలు చాలని అత్త అంది, ఆయన ఊకొట్టాడు, నన్ను తీసుకెళ్ళి ఆపరేషను బల్ల మీద పడుకోబెట్టారు. నీకిష్టమేనా అని ఒక్కరు, మాట వరసకైనా ఒక్కరు అడగలేదు. ఈ ముక్కూమొహం తెలియని పిల్ల, మీకిష్టమైతేనే అంటోంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడాల్సింది నేను కాదని కూడా అప్పుడే అనిపించింది.

కుడిచెయ్యి చాపాను. "తీయమ్మా" అన్నాను.

"మే! గమ్మునుండు. ఏదైనా ఇంటికి పోయినాక మాట్లాడుకుందాం" అన్నాడాయన.

"ఇంట్లో నన్నెవురడుగుతారు? ఈడ అడిగినారు. నేను చేయించుకుంటా."

అత్త నా మొహంలోకీ కొడుకు మొహంలోకీ చూసింది. ఏమర్థమైందో, లేచి బయట బల్ల దగ్గరికి పోయింది. ఆయన ఫోను తీసుకుని బయటికి పోయాడు. ఫలితం కాసేపట్లోనే చెబుతారని నర్సు అంది. ఆ కాసేపు నేను పడిన భయం కుట్లప్పుడు పడలేదు. ఉంటే పిల్లల సంగతేమిటి? పుట్టింటి గడప తొక్కనిస్తారా? నాకు రోగం అంటించిన వాడికి ఏ పేరూ రాదు, పేరంతా నాకే వస్తుంది. మా వీధిలో అలా చనిపోయిన ఒకామెను ఇప్పటికీ ఆ రోగమామె అనే అంటారు. ఆమె మొగుణ్ణి మాత్రం పాపం పెళ్ళాం పోయిన మనిషి అంటారు.

నిస్సీ నన్నొక్కదాన్నే తెర చాటుకు పిలిచి కూర్చోబెట్టింది. "అక్కా, నీకు లేదు" అంది.

ఏడ్చాను. ఏడవనిచ్చి, ఆ తర్వాత చెప్పింది. ఈ మధ్యనే సోకి ఉంటే ఇప్పుడే బయటపడకపోవచ్చు, మూడు నెలలు పోయాక ఇంకోసారి చేయించుకోవాలి. మా ఆయన కూడా చేయించుకోవాలి. అంతవరకూ జాగ్రత్త లేకుండా దగ్గరికి రానివ్వకూడదు. "ఇది మా నోటి మీదుగా ఎవురికీ పోదక్కా, మీ ఆయనక్కూడా. చెప్పేదీ చెప్పందీ నీ ఇష్టం" అంది.

బయటికి వచ్చేసరికి అత్త బల్ల మీద తల వంచుకుని కూర్చుని ఉంది. ఆయన వసారాలో నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే గబగబా వచ్చాడు.

"ఏం సెప్పినారు?"

లేదు అని ఒక్క మాట అంటే చాలు. నా గుండెల మీది బరువు దిగినట్టే ఆయనదీ దిగుతుంది. దిగి ఏం చేస్తాడో నాకు బాగా తెలుసు. నీకు లేదంటే నాకూ లేనట్టే గదా అంటాడు. నవ్వుతాడు. ఆటో పిలుస్తాడు. మళ్ళీ కోయంబేడు, మళ్ళీ వేడి, మళ్ళీ మా గది తలుపు గడియ. నాకు ఇవాళ లేనిది ఈ మనిషి వల్ల రేపు వస్తుంది.

"సెప్పు నవీనా, ఏమన్నారు?" అని మళ్ళీ అడిగాడు. నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నేళ్ళయిందో. కళ్ళనిండా భయం. నిజంగా జాలేసింది. అయినా చెప్పలేదు.

"లోపల ఆ సిస్టరమ్మ ఉండాది" అన్నాను. "మీరు కూడా పోయి చేయించుకోని రాండి. మీది మీరు నాకు సెప్పినాక, నాది నేను మీకు సెప్తాను."