చేపకు పళ్లు పెట్టిన రోజు

అబిడ్స్‌లో మా జూనియర్ కాలేజీకి కింద చెప్పుల షోరూమ్, పైన నాలుగంతస్తుల చదువు. ఆ రెండింటికీ పెద్ద తేడా ఉందని మా కరస్పాండెంట్ విశ్వనాథ్ గారికి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

నేను జువాలజీ లెక్చరర్ని. పదకొండేళ్లుగా తాత్కాలికమే. సైన్స్ ఎగ్జిబిషన్ బాగా జరిగితే పర్మినెంట్ చేస్తానని ఆయన మాటిచ్చారు. అందుకే గేటు దగ్గర పెట్టడానికి నాకు ప్రాణమైన చేపను ఎంచుకున్నాను. సెఫలాస్పిస్. నలభై కోట్ల ఏళ్ల కిందటిది. తలంతా డాలులాంటి ఎముక కవచం, అదే రాళ్లలో శిలాజంగా మిగిలింది. నోరు తల అడుగున చిన్న సందు. దవడల్లేవు, పళ్లు లేవు.

ధూల్‌పేటలో వినాయక విగ్రహాలు చేసే మొగులయ్యకు ఫోటో ఇచ్చాను. ఆరడుగుల బొమ్మను ట్రాలీ ఆటోలో నాంపల్లి మీదుగా తెచ్చి దించాడు. అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉంది. విశ్వనాథ్ గారు వంగి చూశారు.

"ఏందయ్యా ఫణీ, గిది చేపనా, బోర్లిచ్చిన ఇసుక గమేలానా? పండ్లేవి?"

"దీనికి పళ్లుండవు సార్. అదే దీని గొప్ప."

"పండ్లు లేని చేపను సూడనీకె లక్డీకాపూల్ నుంచి పేరెంట్స్ వస్తరా? మొగులయ్యా, జర పండ్లు పెట్టు."

మొగులయ్య చేతులు తుడుచుకున్నాడు. "ఫోటోల లెవ్వు సార్. లేనిది నేను పెట్ట." అంతే, ఖాళీ ట్రాలీ ఎక్కి వెళ్లిపోయాడు.

వాడికేం, పర్మినెంట్ కావాల్సిన పని లేదు కదా అనుకున్నాను. థర్మోకోల్ కోసి పళ్లు నేనే అంటించాను. ఇంకా పెద్దవి కావాలన్నారు విశ్వనాథ్ గారు. పీకి, పెద్దవి అంటించాను. ఆయన మూర్ఖత్వాన్ని లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. లోపల తిట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

మర్నాడు పేరెంట్స్ ఎగబడ్డారు. ఒకాయన చేప పళ్ల కింద తల పెట్టి సెల్ఫీ దిగాడు. "షార్కుకు తాతనా ఇది?" అని ఇంకొకాయన అడిగితే, విశ్వనాథ్ గారు "ఔ" అనేశారు.

అప్పుడు ఫస్టియర్ మనస్విని ముందుకొచ్చింది. గౌలిగూడ నుంచి వచ్చే పిల్ల, నేను తుమ్మినా నోట్సు రాసుకుంటుంది. చేతిలో టెక్స్ట్‌బుక్ తెరిచి ఉంది.

"సార్, పుస్తకంల దీనికి దవడలు లేవని ఉంది. మీరు గూడ గట్లనే చెప్పిన్రు. మరి పండ్లెట్లొచ్చినయి?"

చుట్టూ ఉన్నవాళ్లు ఆగారు. విశ్వనాథ్ గారు నావైపు చూశారు. కోపంగా కూడా కాదు, మామూలుగానే.

"పుస్తకంలో తప్పు పడిందమ్మా," అన్నాను.

నమ్మదనుకున్నాను. ఎదురు ప్రశ్న వేస్తుందనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వేయాలనే కోరుకున్నాను. ఆ పిల్ల "ఔనా సార్" అని, సంచిలోంచి పెన్ను తీసి, స్కేలు పెట్టి ఆ వాక్యాన్ని జాగ్రత్తగా కొట్టేసింది. తర్వాత పక్కనున్న స్నేహితురాలి వైపు తిరిగింది.

"సార్ చెప్పిన్రు వనితా, నువ్వు గూడ కొట్టెయ్యి."