చెల్లెలి సారెలో కరెంటు

సారె ముట్టుకుంటే చురుక్కుమంటోందని చెల్లెలు రెండు నెలలుగా చెబుతూనే ఉంది. అన్నయ్య ఆ మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తున్నాడు.

తండ్రి పోయాక అన్నాచెల్లెళ్ళకు మిగిలింది ఆ కుండల పనిశాలే. ఒక కరెంటు సారె, ఒక కరెంటు బట్టీ, గోడ పొడవునా అరలు. బట్టీ, బేరాలు అన్నయ్యవి. కూజాలు, పూలతొట్లు సారె మీద లేపడం చెల్లెలిది. పదకొండేళ్ళుగా లేపుతోంది. అలాంటిది ఈమధ్య రోజుకు మూడు నాలుగు కూజాలు కూలిపోతున్నాయి. అడుగు నుంచి గోడ పైకి లాగేటప్పుడు వేలు సారె మీది ఇనుప పళ్ళేనికి తగులుతుంది, చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది, చెయ్యి ఉలిక్కిపడుతుంది. అంతే, అప్పటిదాకా నిక్కుకుంటూ లేచిన కూజా చతికిలబడుతుంది.

ఒకసారి అన్నయ్య స్వయంగా సారె ముందు కూర్చుని, తడిచేత్తో పళ్ళెం నిమిరి చూశాడు. "ఏదీ, నాకేం తగలట్లేదే" అని లేచిపోయాడు. బూట్లు విప్పకుండానే కూర్చున్నాడు. ఆమె మాత్రం ఎప్పుడూ వట్టికాళ్ళతోనే కూర్చుంటుంది. తండ్రి అలాగే నేర్పాడు. కాలికి, పెడల్‌కి మధ్య ఏదైనా అడ్డముంటే సారె వేగం ఒంటికి తెలియదనేవాడు ఆయన. సారె చుట్టూ నేల పొద్దస్తమానం తడిగానే ఉంటుంది.

చివరికి శుక్రవారం అన్నయ్య మాట తేల్చేశాడు.

"నీ చెయ్యి నిలకడ తప్పింది. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు, అందరికీ జరిగేదే. సోమవారం నుంచి సారె మీద కొత్తవాడు కూర్చుంటాడు. నువ్వు కూజాలకు పిడులు అతికించుకో."

అన్నయ్యతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఆమె వాదించలేదు. శనివారం పొద్దున్నే తనే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది. తప్పు సారెదని తేలితే సారె తనది. తేలకపోతే పిడులే గతి.

ఎలక్ట్రీషియన్ పెద్దమనిషి, పని తెలిసినవాడు. పెడల్ విప్పి లోపల గడ్డకట్టిన మట్టి గీకాడు. మోటారులో అరిగిన కార్బన్ బ్రష్షులు మార్చాడు. బెల్టు బిగించాడు. తర్వాత పళ్ళెం మీద చెయ్యి వేసి తల అడ్డంగా ఊపాడు.

"ఏం లేదమ్మా. శుభ్రంగా ఉంది."

"మీ బూట్ల అడుగు రబ్బరేగా" అంది ఆమె. "నేను కూర్చునేలా కూర్చుని చూడండి."

ఆయన బూట్లు విప్పలేదు, తెలివైనవాడు. సంచిలోంచి మీటరు తీసి, ఒక వైరు కొస పళ్ళేనికి, ఇంకొకటి తడినేలకు ఆనించాడు. మీటరు తొంభై రెండు వోల్టులు చూపించింది. ఆయన దాన్ని ఓసారి, ఆమె పాదాలను ఓసారి చూశాడు.

"రెండు నెలలుగా దీనిమీదే కూర్చుంటున్నారా?"

ఆయన ప్లగ్గు పీకి, దాన్ని విప్పాడు. లోపల ఎర్త్ వైరు దానంతటది ఊడిపోలేదు. ఎవరో కట్టరుతో నున్నగా కత్తిరించి, కొస వెనక్కి మడిచి, టేపు చుట్టి మరీ పెట్టారు.

ఆ పనిశాలలో కట్టరు పట్టుకునేది ఒక్కడే.

అన్నయ్య బట్టీ దగ్గరి నుంచి వచ్చి ప్లగ్గు చూశాడు.

"సారె వేస్తే చాలు మెయిన్ స్విచ్చి పడిపోయేది. దాంతో బట్టీ ఆగిపోయేది. ఓసారి బట్టీ సరుకంతా పగిలింది, గుర్తుందిగా. వైరు తీసేశాక పడలేదు."

"కరెంటు భూమిలోకి పోవడానికి దారి మూసేస్తే మనిషిలోంచి పోతుంది బాబూ" అన్నాడు ఎలక్ట్రీషియన్. "స్విచ్చి పడేది అలా కాకుండా చూడ్డానికే."

"నేను చెప్తూనే ఉన్నాగా అన్నయ్యా."

"చిన్న చురుకేగా అనుకున్నా. చెప్పులేసుకుంటే పోయేదానికి."

"ఆ మాటైనా చెప్పలేదే."

"చెప్తే సారె ఆపేసి కూర్చుంటావు. ఆర్డరు ఎవరు తీరుస్తారు?"

"మరి సోమవారం వచ్చేవాడికి చెప్పావా?"

అన్నయ్య చూపు తిప్పుకున్నాడు. తిప్పుకున్న చూపు అరల కింద ఉన్న అట్టపెట్టె మీద పడింది. ఆమె వెళ్ళి మూత తెరిచింది. మోకాళ్ళదాకా వచ్చే కొత్త రబ్బరు బూట్లు. మగవాడి కొలతవి.

"పరాయివాడు కదా" అన్నాడు అన్నయ్య. "ఏమన్నా అయితే మాటొస్తుంది."

ఆమెకు ఏడుపు రాలేదు. కరెంటు పెట్టిన చురుకులన్నీ ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. పరాయిదాన్నైనా కాకపోతిని అనుకుంది.

"వైరు కలపండి" అంది ఎలక్ట్రీషియన్‌తో.

"కలుపుతాను. కానీ మోటారు బాగుచేయించేదాకా దీన్ని వేయొద్దమ్మా, వేస్తే మెయిన్ పడిపోతుంది."

"ఇవాళ్టికి అలా వదిలెయ్" అని అన్నయ్య అడ్డొచ్చాడు. "తెల్లవారకముందే బట్టీ ఎక్కించా, ఏడు గంటలైంది. సరుకంతా లోపలే ఉంది. నువ్వు చేసినవే."

ఎలక్ట్రీషియన్ ఎవరి మాట వినాలో తెలియక ఇద్దరినీ చూశాడు. ఆమె ముఖం చూశాక వైరు కలిపి, ప్లగ్గు బిగించి, ఆమె చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. బట్టీలో ముప్పై ఆరు కూజాలున్నాయి. కూలకుండా నిలబడ్డవి అవే. వాటిలో ప్రతిదాని నడుమూ ఆమె వేళ్ళకు గుర్తే.

ఆమె సారె ప్లగ్గు పెట్టి స్విచ్చి నొక్కింది.

టప్పుమని మెయిన్ పడింది. ఫ్యాను ఆగింది, దీపాలు ఆరాయి, బట్టీ మూలుగు నిలిచిపోయింది. అన్నయ్య బట్టీ దగ్గరికి పరుగెత్తాడు. చెల్లెలు ఎలా ఉందోనని వెనక్కి తిరిగి చూడలేదు.