మిగిలిన కూరలు

గుత్తివంకాయ గిన్నె మూత తీసి, ఉప్పలయ్య గరిటె ముంచాడు. మధ్యాహ్నమైతే చిక్కడపల్లి సందులో ఆ కర్రీ పాయింట్ ముందు నిలబడడానికి చోటుండదు. లోపల పొయ్యి దగ్గర అంబిక, బయట కౌంటర్ వెనక ఆమె భర్త ఉప్పలయ్య.

ఆయన భారీ మనిషి. ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు ప్లాస్టిక్ కుర్చీలైతే గాని ఆయన్ను మోయవు. మెడ ఎప్పుడో భుజాల్లో కలిసిపోయింది. గరిటె పదిసార్లు ఎత్తితే ఆయాసం. అయినా షాపుకు పేరు తెచ్చింది ఆయనే. ఎవరు సోమవారం నీసు ముట్టరో, ఎవరికి శనివారం ఒక్కపొద్దో అడగకుండానే చెప్పేవాడు. అశోక్‌నగర్ గదుల్లో పరీక్షలకు చదివే పిల్లలు, “అన్నా, నేను ఇయ్యాల గుడ్డు తినొచ్చునా?” అని ఆయన్ను ఆటపట్టించేవారు.

ఏడాదిగా ఆ జ్ఞాపకం తప్పుతోంది. “తిని తిని బుర్రకు కొవ్వు పట్టింది” అని అంబిక గిరాకీల ముందే నవ్వేది. ఆయనా నవ్వేవాడు. పోయిన వారం నారాయణగూడలో డాక్టర్ సంయుక్త మాత్రం నవ్వలేదు.

“ఏండ్ల తరబడి మోసిన బరువు, దాంతోని బీపీ, షుగర్. మెదడుకు పోయే సన్న రక్తనాళాలు దెబ్బతింటయమ్మా. అదొక్కటే కారణమని చెప్పలేను. తిండి తగ్గించి నడిపిస్తే ఉన్న జ్ఞాపకమన్నా నిలుస్తది.”

అంబిక చెవిలో మొదటి మాటే ఉండిపోయింది. ఆ బరువు పెంచింది తనేనని ఆమె నమ్మకం. నిన్నటి కూర గిరాకీకి పెట్టకూడదన్నది ఆమె పంతం, పారబొయ్యడానికి చేతులు రావు. మిగిలిన వేపుళ్లు, నూనె తేలిన పులుసులు ఏళ్ల తరబడి మొగుడి పళ్లెంలోకే వంచింది. షాపు నిజాయితీ అంతా పోయి ఆయన పొట్టలో పడింది.

గిరాకీ పలచబడ్డాక, ఇందాక కూర తీసుకెళ్లిన పాత గిరాకీ అరుంధతి టీచర్ తిరిగి వచ్చింది. చేతిలోని కూర కవరు కౌంటర్ మీద పెట్టింది.

“గుత్తివంకాయ అడిగిన, ఉప్పలయ్యగారూ. గుడ్డు పులుసు పోసినరు. ముద్ద నోట్లో పెట్టినంక తెలిసింది. ఇయ్యాల శనివారం.”

“మీది గురువారం గద, టీచరమ్మా?”

టీచర్ ఆయన ముఖంలోకి జాలిగా చూసింది. గాభరాగా బయటికి వచ్చిన అంబికతో, “ఆయన్ను ఏమనకు. కావాలని చేసిండా,” అని వెళ్లిపోయింది. తిడితే బాగుండునని అంబికకు అనిపించింది.

షట్టరు సగం దించి ఆయనకు రెండు చపాతీలు, ఆకుకూర పెట్టింది. తిని, చెయ్యి కడుక్కుని కూర్చున్నాడు. ఆమె గిన్నెలు తోమడం ఇంకా కాలేదు.

“అంబికా, ఆలు వేపుడు మిగిలినట్టుంది, ఇటు తే. నేనింక తినలే.”

“ఇప్పుడే తిన్నవు.”

“తిన్ననా?” కుడిచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. “తిన్నట్టే ఉన్న.”

అంబిక తోముతున్న గిన్నె వదిలేసి లేచింది. వేపుడు గిన్నె తీసుకెళ్లి చెత్తడబ్బాలో బోర్లించింది. అంత తేలికైన పని ఇన్నేళ్లూ ఎందుకు చెయ్యలేకపోయిందో ఆమెకే అర్థం కాలేదు.

“నేనే పాడు చేసిన నిన్ను,” అంది. “పారబోసుడు చాతగాక నీ పళ్లెంల పోసిన.”

“నువ్వు పెట్టినవ్, నేను తిన్న. వద్దని నేనన్నా అన్ననా?” కౌంటర్ వైపు చూసి, “టీచరమ్మ మొకం చూసినవా? రేపటి సంది నేను కౌంటర్‌ల కూసోను,” అన్నాడు.

అట్ల అనకు అని ఆమె వెంటనే అనాల్సింది. అంతకంటే ముందు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అలా అయినందుకు సిగ్గుతో చచ్చిపోయింది. ఆ సిగ్గులో అనాల్సిన మాట అననే లేదు.

ఆయన ఆమె ముఖం చూసి తల ఊపాడు. లేవబోతే కుర్చీలు రెండూ ఒంటికి పట్టుకుని లేచాయి. వాటిని విదిలించుకుని, కౌంటర్ దగ్గర కాస్త ఆగి, షట్టరు కింద వంగి బయటికి నడిచాడు. ఇల్లు వెనక సందులోనే. సరైన మలుపే తిరిగాడా లేదా అని ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. తిరిగాడు.

లోపలికి వస్తే కౌంటర్ మీద రబ్బరు బ్యాండ్లు గుట్టగా ఉన్నాయి. కవర్ల మూతులకు వెయ్యడానికి ఆయన మణికట్టుకు ఎక్కించుకునేవి. సాయంత్రం గిరాకీకి కావాలని అంబిక వాటిని తన చేతికి వేసుకుంది. ఆయన మణికట్టు మీద సాగిపోయిన ఆ బ్యాండ్లు ఆమె చేతికి నిలవక, ఒక్కొక్కటే జారి కింద పడ్డాయి.